లివర్ కదిలింది, ముందు చక్రం కదల్లేదు: పాత ఫోర్ వీల్ డ్రైవ్ క్యాంపర్ కొన్న వైనం

మా కాఫీ తోట పాడేరు దాటాక హుకుంపేట మండలంలో ఉంది. తారురోడ్డు ఆగిపోయిన చోటినుంచి నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి దారి, మధ్యలో ఒక గెడ్డ, అంటే వాగు. ఎండాకాలంలో ఆ దారిన ఆటో కూడా వస్తుంది. జూన్‌లో నాలుగు వానలు పడ్డాయంటే ట్రాక్టరు తప్ప ఇంకేదీ రాదు. ట్రాక్టరు అతను మనం రమ్మన్నప్పుడు రాడు. కాఫీ పండుకు ఈ సంగతులేవీ పట్టవు. కోసిన రోజే పల్పర్‌లో (పండు తొక్క తీసే యంత్రంలో) పడాలి, రాత్రంతా బస్తాలో ఉంటే తెల్లారేసరికి పులిసిన వాసన వేస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానకు పదకొండు బస్తాల పండు అలా దారిలోనే పులిసిపోయింది. ఇంజన్ బలంతో నాలుగు చక్రాలూ తిరిగే బండి (ఫోర్ వీల్ డ్రైవ్) లేకుండా ఇంకో సీజన్ చూడకూడదని ఆ రాత్రే అనుకున్నాను.

కొత్త బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటే అప్పట్లో పది లక్షల మాట. నా దగ్గర ఆరున్నర ఉంది. అందుకని పాతదే చూడాలి. తోటి రైతుల సరుకు కూడా కిరాయికి తోలాలనుకున్నాను కాబట్టి పసుపు ప్లేటు బండే కావాలి. తెల్ల ప్లేటుతో కిరాయికి తిప్పితే ఎక్కడో ఒకచోట ఆపుతారు, ఆపిన రోజు కిరాయికి పదింతలు పోతుంది. క్యాంపర్ ఎందుకంటే ముందు రెండు వరుసల సీట్లున్న క్యాబిన్, వెనక టన్ను సరుకు పట్టే తొట్టి. కూలీలను సరుకు మీద కూర్చోబెట్టే పని ఉండదు.

బీఎస్4, అంటే పాత కాలుష్య ప్రమాణం బండే కావాలన్నది నాన్న షరతు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్6. ఆ డీజిల్ బండ్లలో మసిని పట్టుకునే వడపోత ఒకటి ఉంటుంది. అది తనంతట తాను శుభ్రపడాలంటే బండి కాసేపు మంచి వేగంతో పోవాలి. మొదటి గేరులో, రెండో గేరులో పాకుతూ పోయే మా దారుల్లో ఆ అవకాశం తక్కువ. పైగా లైటు వెలిగితే కంప్యూటర్ పెట్టి చూసేవాడు మా దగ్గర లేడు. నాన్న ఇరవై ఎనిమిదేళ్లు పాడేరు ఘాట్‌లో జీపు నడిపిన మనిషి. బండి విషయంలో ఆయన మాట నేను కాదనను. మిగతా విషయాల్లో అంటాను.

మొదట విశాఖపట్నంలో ఒక పాత బండ్ల యార్డుకు వెళ్లాం. పేరు చెప్పను, ఆ వరుసలో అలాంటివి చాలా ఉన్నాయి. ఫోన్లో పంపిన ఫొటోల్లో బండి కొత్త పెళ్లికూతురిలా ఉంది. వెనక తలుపు మీద ఫోర్ వీల్ డ్రైవ్ అని స్టిక్కరు మెరుస్తోంది. మేము తొమ్మిదింటికి వస్తామని చెప్పాం. నాన్న వెళ్లగానే ఎవరితోనూ మాట్లాడకుండా బోనెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. అంటే మేము రాకముందే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టుకున్నారు. చల్లటి ఇంజన్ అయితే సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంతసేపటికి అందుకుంటుందో, మొదట వచ్చే పొగ నలుపో తెలుపో నీలమో తెలిసిపోతుంది. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. వేడెక్కిన ఇంజన్ ఇవన్నీ చాలావరకు దాచేస్తుంది.

మీటరు అరవై రెండు వేల కిలోమీటర్లు చూపిస్తోంది. పెడళ్లకు కొత్త రబ్బర్లు. ఆ రబ్బరు పక్కన క్లచ్ పెడలు ఇనుప అంచు మాత్రం అరిగి, గుడి మెట్టు రాయిలా నున్నగా మెరుస్తోంది. అరవై వేలకు ఇనుము అలా అరగదు. నేను ఆ అంచు మీద వేలు పెట్టి చూస్తుంటే యార్డు అతను నావైపు చూడకుండా నాన్నతో, “మేడమ్‌గారికి కలర్ నచ్చిందా సార్?” అన్నాడు. డబ్బు నా సంచిలో ఉందని అతనికి తెలియదు.

తర్వాత డ్రైవింగ్ సీట్లో కూర్చుని తనే చూపించాడు. గేరు లివర్ పక్కన ఉన్న చిన్న లివర్‌ను 2 హెచ్ (వెనక చక్రాలకే బలం) నుంచి 4 హెచ్‌కు (నాలుగింటికీ బలం), ఆపి 4 ఎల్‌కు (నాలుగింటికీ, నెమ్మదిగా ఎక్కువ బలంతో) వేశాడు. 4 ఎల్‌లో ఇంజన్ గుర్రుమని బండి తాబేలులా కదిలింది. “చూశారా సార్, పుల్లింగ్!” అన్నాడు. నిజం చెప్పాలంటే నేను నమ్మేశాను.

నాన్న చొక్కా విప్పి, మడిచి నా చేతికిచ్చాడు. అక్కడ పడి ఉన్న పాత ఫ్లెక్సీ ముక్క నేలమీద పరిచి వెల్లకిలా బండి కిందికి జరిగాడు. ఒక నిమిషం తర్వాత, “అమ్మా, ఇలా వంగి చూడు” అన్నాడు. గేరు బాక్సు వెనక, ఇంజన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. అక్కడినుంచి ఒక ప్రొపెల్లర్ షాఫ్టు (తిరిగే పొడవాటి కడ్డీ) వెనక హౌసింగుకు (చక్రాల మధ్య ఇరుసు, గేర్లు ఉండే గుల్లకు), ఇంకొకటి ముందు హౌసింగుకు పోవాలి. వెనకది ఉంది. ముందుది ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, బైండింగు తీగతో కట్టి ఉంది. షాఫ్టే లేదు. నాలుగు చక్రాల బండి అని అమ్ముతున్నది రెండు చక్రాల బండి.

మరి 4 ఎల్‌లో ఆ గుర్రుమనడం ఏమిటంటే, తక్కువ గేరింగు ట్రాన్స్‌ఫర్ కేసులోనే ఉంటుంది. ముందు షాఫ్టు తీసేసినా ఆ బలం వెనక చక్రాలకు పోతూనే ఉంటుంది. శబ్దం మారుతుంది, బండి పాకుతుంది, కొనేవాడు తృప్తి పడతాడు. పట్నంలో తిప్పేవాళ్లకు ఫోర్ వీల్ అవసరం రాదు, క్రాసు (షాఫ్టు కీలు) పోయిందనో డీజిల్ కలిసొస్తుందనో ముందు షాఫ్టు ఊడదీసి పక్కన పడేస్తారు. అడిగితే యార్డు అతను, “అది ఎవరూ వాడరు సార్, కావాలంటే పాత షాఫ్టు ఒకటి తెప్పించి వేయిస్తాం” అన్నాడు. “షాఫ్టు సరే బాబూ, ముందు హౌసింగులో క్రౌను గేరు ఉందా, అదీ తెప్పిస్తారా?” అన్నాడు నాన్న చొక్కా తొడుక్కుంటూ.

దానికి ఎఫ్.సి. (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయిపోయి పదకొండు నెలలైందని కూడా తర్వాత ఫోన్లో వాహన్ (ప్రభుత్వ బండ్ల రికార్డు) వివరాలు చూస్తే తెలిసింది. గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల చొప్పున కట్టాలి. పదకొండు నెలలకు పదహారు వేలు దాటుతుంది. ఆ సంగతి యార్డులో ఎవరూ ఎత్తలేదు.

రెండో బండి ఒక బ్రోకరు చూపించాడు. దాని గురించి ఎక్కువ చెప్పను. నంబరు ఏపీ 37 అని చూడగానే అది పశ్చిమ గోదావరి రిజిస్ట్రేషన్ అని తెలిసింది. ఆ వైపు పికప్ బండి అంటే రొయ్యలే గుర్తొస్తాయి. క్యాబిన్ నిండా అగరొత్తుల వాసన, దాని కింద ఇంకో వాసన. తొట్టిలో పరిచిన రబ్బరు మ్యాటు ఎత్తితే రేకు పొరలు పొరలుగా లేచి వచ్చింది. చాసిస్ అడ్డకమ్మీ మీద నాన్న స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే మొన లోపలికి దిగింది. ఉప్పునీళ్లు కారిన బండికి పైన ఎన్ని పూతల రంగు వేసినా చాసిస్ చెప్పేస్తుంది. బ్రోకరుకు టీ తాగించి వచ్చేశాం.

మూడోది అనకాపల్లిలో దొరికింది. కరెంటు లైన్ల పనులు చేసే ఒక కాంట్రాక్టరుది. 2018 మోడల్, ఏపీ 31 నంబరు, 2523 సీసీ ఇంజన్. హార్స్ పవర్ అంకె చూసి ఇదేం బలం అనుకోవద్దు, తక్కువ వేగంలో లాగడమే దాని పని. కొండల్లో లైన్లు లాగేటప్పుడు మనుషులను, పింగాణీ ఇన్సులేటర్లను, తీగ చుట్టలను మోసిన బండి. క్యాబిన్ పైన నిచ్చెన కట్టడానికి వెల్డింగు చేసిన కమ్మీలు ఇంకా ఉన్నాయి. అందం ఏమీ లేదు. ఎడమ పక్క వెనక తలుపుకు ఎప్పుడో స్తంభం తగిలి టింకరింగు చేయించారు, ఆ రంగు మిగతా రంగుతో కలవలేదు. మీటరు లక్షా ముప్పై ఎనిమిది వేలు. యార్డులో చూసిన అరవై రెండు వేల కంటే ఈ లక్షా ముప్పై ఎనిమిది వేలే నాకు ధైర్యంగా అనిపించాయి.

ఈసారి ముందే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని చెప్పాను. ఉదయం ఆరున్నరకు చేరాం. సెల్ఫ్ రెండోసారికి అందుకుంది, కాస్త నల్లపొగ వదిలి సర్దుకుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూశాం. సన్నగా ఆవిరి వచ్చింది తప్ప గుప్పుగుప్పున తన్నలేదు. అలా తన్నితే లోపల పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి, ఇంజన్ విప్పి బోరు చేయించడానికి సిద్ధపడాలి.

నాన్న యజమానితో రెండే మాటలు మాట్లాడి, ఆ బండి నడిపే డ్రైవరును తీసుకుని టీ కొట్టుకు వెళ్లిపోయాడు. ముప్పావు గంటకు తిరిగొచ్చాడు. యజమాని మాకు ఇచ్చిన కాగితాల్లో ఎంత సమాచారం ఉందో ఆ టీ కొట్టులో అంతకు రెట్టింపు దొరికింది. క్లచ్ ప్లేటు ఏడాది కిందటే మార్చారు. రెండో గేరు పడేటప్పుడు ఒక్క క్షణం ఆగకపోతే గరుక్కుమంటుంది. నిరుడు వర్షాల్లో ఒక గెడ్డలో బండి మధ్యాహ్నమంతా నిలబడిపోయింది, నీళ్లు ముందు హౌసింగును ముంచేశాయి. ఆ చివరి మాట మాకు తర్వాత పనికొచ్చింది.

ఫోర్ వీల్ పరీక్ష మాత్రం తారు మీద వద్దన్నాడు నాన్న. ఇలాంటి బండ్లలో 4 హెచ్ వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం పోవాలి. మట్టి మీదైతే ఆ తేడా చక్రం జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారే వీలుండదు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుపోతుంది. అందుకని కాంట్రాక్టరు గోడౌను వెనక పోసిన కంకర కుప్ప దగ్గరకు తీసుకెళ్లాం. నేను కింద మోకాళ్ల మీద కూర్చున్నాను. 4 హెచ్ వేసి నాన్న మెల్లగా కుప్ప మీదికి ఎక్కించాడు. ముందు కుడి చక్రం కంకర రాళ్లను వెనక్కి విసిరింది. ఒకటి నా మోకాలి చిప్పకు తగిలింది. ఇంత సంతోషంగా ఎప్పుడూ దెబ్బ తినలేదు.

అయినా గాజువాక ఆటోనగర్‌లో మాకు తెలిసిన ఒక మేస్త్రీకి చూపించాకే బేరం. పదిహేను వందలు తీసుకుని రెండు గంటలు చూశాడు. డ్రైవరు చెప్పిన గెడ్డ సంగతి చెబితే ముందు హౌసింగు బోల్టు విప్పాడు. పళ్లెంలోకి కారిన గేరాయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. నీళ్లు కలిసిందన్నమాట. కాసేపు వేళ్ల మధ్య రుద్ది చూసి, ఇనుప రజను లేదు, పళ్లు బాగానే ఉన్నాయి, సీళ్లు మార్చి ఆయిల్ మారిస్తే చాలన్నాడు. అతని చేతులను ఎవరైనా మెచ్చుకోవాలి. చెప్పాల్సినంతే చెప్పాడు, భయపెట్టలేదు.

టైర్ల దగ్గరే అసలు తగువు. ముందు రెండూ పాతవి, వెనక రెండూ బటన్ వేసినవి, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, చివరి రెండూ సంవత్సరం. ముందు టైర్ల మీద 0918 ఉంది. అంటే బండితో పాటు పుట్టినవే. మామూలు బండికైతే రెండు మార్చి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. ఫోర్ వీల్‌కు ముందు వెనక టైర్ల చుట్టుకొలత తేడాగా ఉంటే నేరుగా పోతున్నా షాఫ్టులు బిగుసుకుంటాయి. కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చాలి. ఈ లెక్క చెప్పి అయిదు లక్షల డెబ్భై వేల ధరను అయిదు లక్షల నలభైకి తెచ్చాం. కాంట్రాక్టరుకు టైర్ల సంగతి తెలుసు, మాకు తెలుసన్న సంగతే తెలియదు.

కాగితాల పనికి బండి చూడటానికి పట్టినదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. అప్పు తీరిపోయి రెండేళ్లయినా ఆర్.సి.లో (రిజిస్ట్రేషన్ కాగితంలో) బ్యాంకు పేరు అలాగే ఉంది. అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్.ఓ.సి. గడువు దాటిపోయింది. మళ్లీ కొత్తది తెప్పించి, బ్యాంకు పేరు తీయించే ఫారం 35 మీద బ్యాంకు సంతకం పెట్టించి, అప్పుడు బండి నా పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30. ఒక్క బ్యాంకు కాగితానికే అయిదు వారాలు తిప్పారు. బ్యాంకు పేరు తీయించేదాకా ఆఖరి లక్ష ఇవ్వనని ముందే కాగితం రాసుకోవడం మంచిదైంది. లేకపోతే ఆ తిరుగుడంతా నాదయ్యేది. సరుకు తొట్టిలో మనుషులను ఎక్కించారని రెండు చలాన్లు బాకీ ఉన్నాయి, వాటిని ఆయనే కట్టాడు, కాస్త సిగ్గుపడుతూ. ఆర్.సి.లో మొత్తం బరువు 3000 కిలోల లోపే కాబట్టి గూడ్స్ పర్మిట్ గొడవ లేదు. ఇన్సూరెన్స్ మాత్రం చేతులు మారిన 14 రోజుల్లో మన పేరుకు మార్చమని అడగాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) ఆయనతోనే పోతుంది, బండితో రాదు. అందుకని ప్రీమియం తేడా నేను కట్టాను. దీన్ని ముందు లెక్కలో వేసుకోలేదు.

టైర్లు, సీళ్లు, హౌసింగుల ఆయిల్, రెండు క్రాసులు, కమాన్ పట్టీల (స్ప్రింగుల) బుష్షులు, బ్యాటరీ, అన్నీ కలిపి అరవై ఒక్క వేలు అయ్యాయి. ఎఫ్.సి. అప్పుడే చేయించి ఉంది. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. 2026 నుంచి ప్రతి ఏడూ ఆ పరీక్షకు నిలబడాల్సిందే.

ఇప్పుడు వాడిన మాట. 2024 జూన్‌లో తెచ్చాం, ఒక వానాకాలం, ఒక కాఫీ సీజన్ గడిచాయి. సెప్టెంబరు వానల్లో సిల్వర్ ఓక్ మొక్కలు వేసుకుని వస్తుంటే ఎర్రమట్టి దిమ్మ దగ్గర 2 హెచ్‌లో వెనక చక్రాలు అక్కడే తిరిగాయి. 4 హెచ్ వేస్తే ఒకసారి పక్కకు ఊగి ఎక్కేసింది. గెడ్డ దిగే చోట 4 ఎల్ మొదటి గేరులో బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగుతుంది, ఇంజనే పట్టి దించుతుంది. తడి మట్టిలో బ్రేకు తొక్కితే ఏమవుతుందో నాన్న నాకు మాటలతో చెప్పలేదు, ఒకసారి తొక్కించి చూపించాడు. బండి అడ్డంగా తిరిగి తుప్పల్లో ఆగింది.

ఖాళీగా ఉంటే వెనక ఎగిరెగిరి పడుతుంది. టన్ను మోయడానికి చేసిన కమాన్లు ఖాళీ తొట్టికి వంగవు, అందులో తప్పు పట్టడానికి లేదు. మూడు బస్తాల ఇసుక వేసుకుంటే నడకా మెత్తబడుతుంది, బురదలో వెనక చక్రాలకు పట్టూ దొరుకుతుంది. ఘాట్‌లో లోడుతో లీటరుకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ ఇస్తోంది. క్యాబిన్‌లో పక్క మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. మా ఇంట్లో అందరం ఎలాగూ గట్టిగానే మాట్లాడతాం.

యార్డుకు వెళ్లవద్దని నేననను, కానీ వెళ్తే కింద పడుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి. యజమాని కంటే ముందు డ్రైవరును పట్టుకోండి. ఇంతే నేను ఇవ్వగల సలహా. మొన్న సీజన్‌లో ఒక్క బస్తా కూడా పులియలేదు. తోటివాళ్ల సరుకు తోలితే వచ్చిన కిరాయి టైర్ల ఖర్చు తీర్చింది, ఇంకొంచెం మిగిలింది.

స్తంభం తగిలిన ఆ ఎడమ పక్క వెనక తలుపు మాత్రం ఇప్పటికీ లోపలినుంచి తెరుచుకోదు. బాగుచేయిస్తానని రెండుసార్లు బయల్దేరాను. పిల్లలను అటువైపే కూర్చోబెడుతున్నాం, తలుపు అలాగే ఉండనీ అని అమ్మ బాగుచేయనివ్వడం లేదు.